జారనిచ్చి పట్టుకునే క్లచ్

బండి స్టాండు మీద నిలబెట్టి, ఇంజను స్టార్టు చేసి వదిలేయండర్రా. యాక్సిలరేటరు ముట్టుకోకపోయినా అది నిమిషానికి 1300, 1400 చుట్లు తిరుగుతూనే ఉంటుంది. అంతకంటే బాగా తగ్గిస్తే టక్కున ఆగిపోతుంది. పెట్రోలు ఇంజను తత్వమే అంత. తిరుగుతున్నంతసేపే దానికి బలం. ఆగిందా, తనంతట తాను ఒక్క చుట్టు కూడా తిరగలేదు. మళ్లీ మనమే కిక్కు కొట్టాలి, లేదా సెల్ఫు నొక్కాలి.

మరి వెనక చక్రం? అది నేల మీద కదలకుండా ఉంది. దాని వేగం సున్నా. నిమిషానికి వెయ్యి పైచిలుకు చుట్లు తిరిగేదాన్ని, అసలు తిరగనిదానితో కలపాలి. ఒక్కసారిగా కలిపేస్తే బండి ఎగిరి ముందుకు దూకుతుంది, లేదా ఇంజను చచ్చిపోతుంది. ఈ రెండూ జరక్కుండా మెల్లగా కలపడానికి పెట్టిన ఏర్పాటే క్లచ్.

"మరి కరెంటు స్కూటరుకి క్లచ్ లేదుగా తాతయ్యా?" అంటారు మీరు. మంచి ప్రశ్న. కరెంటు మోటారు ఆగి ఉన్నప్పుడే గట్టి బలం ఇస్తుంది. సున్నా నుంచి అదే లాక్కుపోతుంది. అందుకని దానికి మధ్యవర్తి అక్కర్లేదు. ఆ గుణం పెట్రోలు ఇంజనుకి లేదు కనకే మన బండికి క్లచ్ కావలసి వచ్చింది.

మోటారు సైకిళ్లు పుట్టిన కొత్తలో చాలావాటికి క్లచ్ ఉండేది కాదు. ఇంజను నుంచి చక్రానికి నేరుగా తోలు బెల్టు. బండిని తోసుకుంటూ పరుగెత్తి, ఇంజను అందుకోగానే ఎక్కి కూర్చోవాలి. నాలుగు రోడ్ల కూడలిలో ఆగాలంటే ఇంజనే ఆపెయ్యాలి. మళ్లీ పరుగు. 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఇంగ్లండులో హెన్రీ సెల్బీ హెలీ-షా అనే ఇంజనీరింగు ఆచార్యుడు చాలా పలకలు పేర్చిన క్లచ్ ఒకటి తయారుచేసి చూపించాడు. ఆయన గాజు పలకల మధ్య సన్నటి పొరగా ద్రవాలు ఎలా పారతాయో పరిశోధించినవాడు. ఇవాళ మన బండిలో ఉన్నదీ పలకల దొంతరే, వాటి మధ్య సన్నటి ఆయిలు పొరే.

ఇంతకీ పలకలు అన్నెందుకు? ఒకటి సరిపోదా? ఇది అర్థమైతే క్లచ్ సగం అర్థమైనట్టే. దానికి ముందు రాపిడి సంగతి తెలియాలి. రాపిడికి రెండు సూత్రాలున్నాయి. 15వ శతాబ్దం చివర్లో లియొనార్డో డా వించీ వాటిని తన నోటుబుక్కులో రాసుకున్నాడు కానీ అచ్చువెయ్యలేదు. 1699లో ఫ్రాన్సులో గియోమ్ అమొంతోఁ మళ్లీ కనిపెట్టి అకాడమీకి వినిపించాడు. 1785లో కూలుంబ్ వాటిని ఇంకా లోతుగా పరీక్షించాడు. కరెంటు పాఠంలో మీరు చదివే కూలుంబే ఈయన.

మొదటి సూత్రం: ఎంత గట్టిగా నొక్కితే రాపిడి అంత ఎక్కువ. దీన్ని ఎవరైనా ఒప్పుకుంటారు. రెండోది నమ్మబుద్ధి కాదు: నొక్కే బలం అంతే ఉంటే, ఆనుకున్న మేర పెద్దదైనా చిన్నదైనా రాపిడి మారదు. ఇటుకని పడుకోబెట్టి లాగినా, నిలబెట్టి లాగినా పట్టే బలం దాదాపు ఒకటే. అంటే ఒకే పలకని వెడల్పు చేసుకుంటూ పోయినంత మాత్రాన పట్టు పెరగదన్నమాట. మరి పెంచే దారేది?

ఒక ప్రయోగం చేయండి. పాత క్యాలెండరు కాగితాలు మందంగా ఉంటాయి, వాటిని పొడుగాటి పట్టీలుగా ఎనిమిది కత్తిరించండి. బల్ల మీద ఒక పట్టీ పరిచి దాని కొస అన్నయ్య పట్టుకోవాలి. దాని మీద ఇంకో పట్టీ, దాని కొస ఎదురుగా చెల్లాయి పట్టుకోవాలి. మధ్యలో రెండూ కలిసిన చోట బరువైన పుస్తకం పెట్టండి. అన్నయ్య కదలకుండా ఉంటే, చెల్లాయి లాగగానే పట్టీ సులువుగా వచ్చేస్తుంది. ఇప్పుడు ఎనిమిదీ పేర్చండి: ఒకటి అన్నయ్యది, ఒకటి చెల్లాయిది, మళ్లీ అన్నయ్యది, మళ్లీ చెల్లాయిది. పైన అదే పుస్తకం. ఇప్పుడు లాగమనండి. ఎంత కష్టమో చూస్తారు.

పుస్తకం బరువు పెరగలేదు. కానీ అదే బరువు పై పట్టీ నుంచి కింది పట్టీ దాకా ప్రతి సందులోనూ నొక్కుతోంది. రెండు పట్టీలున్నప్పుడు రాపిడి ఒక్కచోట. ఎనిమిది ఉన్నప్పుడు ఏడు చోట్ల. ఒక్క బరువే ఏడుసార్లు పనికొచ్చింది. క్లచ్ దొంతరలోని కిటుకు ఇదే.

బండిలో అన్నయ్య పట్టీల స్థానంలో ఉన్నవి ఫ్రిక్షన్ ప్లేట్లు, అంటే మెకానిక్కులు మామూలుగా "క్లచ్ ప్లేట్లు" అనేవి. వాటి అంచుకి బయటివైపు చెవులుంటాయి. ఆ చెవులు హౌసింగ్ అనే డొప్పలోని గాడుల్లో కూర్చుంటాయి. హౌసింగ్‌ని ఇంజను తిప్పుతుంది. చెల్లాయి పట్టీల స్థానంలో ఉన్నవి నున్నటి స్టీలు ప్లేట్లు. వాటి పళ్లు లోపలివైపు, మధ్యలోని హబ్బుకి పట్టి ఉంటాయి. హబ్బు గేరుబాక్సు షాఫ్టు మీద ఉంటుంది. ఒకటి విడిచి ఒకటిగా పేర్చిన ఈ దొంతరని ప్రెషర్ ప్లేటు అదుముతుంది. పుస్తకం బరువుకి బదులు ఇక్కడ నాలుగైదు స్ప్రింగులు.

లెక్క వేద్దాం. ఒక చిన్న బండి తీసుకోండి. నాలుగు స్ప్రింగులు కలిసి 100 కిలోల బరువంత నొక్కుతున్నాయనుకుందాం. నాలుగు ఫ్రిక్షన్ ప్లేట్లు, ఒక్కోదానికి రెండు ముఖాలు, మొత్తం ఎనిమిది. ఆయిల్లో తడిసిన ముఖానికి రాపిడి గుణకం 0.12 అనుకోండి. అంటే ఒక్కో ముఖం 12 కిలోలు పట్టి ఉంచగలదు. ఎనిమిదీ కలిపితే 96 కిలోలు. ఇది కేంద్రం నుంచి నాలుగున్నర సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తే వచ్చే మెలి బలం, అదే టార్కు, సుమారు 42 న్యూటన్ మీటర్లు. పది సెంటీమీటర్ల పానా కొసన కిలో బరువు వేలాడదీస్తే వచ్చేది దాదాపు ఒక న్యూటన్ మీటరు, దాన్నిబట్టి ఊహించుకోండి.

100 సీసీ బండి ఇంజను ఇచ్చే గరిష్ఠ టార్కు సుమారు 8 న్యూటన్ మీటర్లు. క్లచ్‌కి చేరేలోపు మధ్యలోని పళ్లచక్రాల జత దాన్ని దాదాపు నాలుగు రెట్లు చేస్తుందనుకుంటే 32. మోయాల్సింది 32, మోయగలిగింది 42. పది మిగులు. ఈ మిగులు గుర్తుపెట్టుకోండి, క్లచ్ జబ్బులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

"ఆయిల్లో ముంచడమెందుకు తాతయ్యా, పొడిగా ఉంటే ఇంకా బాగా పట్టుకుంటుంది కదా?" నిజమే. పొడిగా ఉంటే గుణకం 0.3 దాటుతుంది. కారు క్లచ్ అలాంటిదే, ఒకటే పెద్ద పొడి ప్లేటు. మన బండికి అంత పెద్ద ప్లేటు పెట్టే చోటు లేదు. చిన్న ప్లేట్లలో పుట్టే వేడి బయటికి పోవాలంటే ఆయిలే దిక్కు. ఆయిలు పట్టుని తగ్గిస్తుంది, వేడిని మోసుకుపోతుంది, జారడాన్ని మెత్తగా చేస్తుంది. తగ్గిన పట్టుని పలకల సంఖ్యతో పూడ్చుకున్నాం.

వేడి ఎంతంటారా? బండీ మనిషీ కలిపి 200 కిలోలు. నిలబడ్డ చోటు నుంచి గంటకి 15 కిలోమీటర్ల వేగం దాకా మెల్లగా క్లచ్ వదులుతూ వెళ్లారు. బండికి చేరిన శక్తి సుమారు 1700 జౌళ్లు. ఈలోగా ఇంజను ఒకే వేగంతో తిరుగుతూ ఉంటే, సరిగ్గా అంతే శక్తి క్లచ్‌లో వేడిగా మారుతుంది. చెరి సగం. దాన్ని తప్పించుకోలేం. అర గ్లాసు నీళ్లని నాలుగు డిగ్రీలు వేడెక్కించే శక్తి అది. ఒక్కసారికైతే లెక్కలోది కాదు. ట్రాఫిక్కులో హాఫ్ క్లచ్ మీద అంగుళం అంగుళం జరుగుతూ వెళ్లినా, ఎత్తు మీద బ్రేకు వేయకుండా క్లచ్ మీదే బండిని నిలబెట్టినా మాత్రం సంగతి వేరు. అప్పుడు ఇంజను ఇచ్చే శక్తిలో బండిని కదిలించేది దాదాపు శూన్యం, చాలావరకు ప్లేట్లలోనే కాలుతుంది.

ఇక ఎడమ చేతి లీవరు సంగతి. 100 కిలోల ఒత్తిడిని మనం నాలుగు వేళ్లతో ఎలా తీసేస్తున్నాం? చేతి లీవరు ఒక మీట, ఇంజను దగ్గర కేబులు తగిలించిన చిన్న చెయ్యి ఇంకో మీట. రెండూ కలిసి మన బలాన్ని ఇరవై రెట్లు చేశాయనుకోండి, వేళ్లకి ఐదారు కిలోలు చాలు. కానీ ప్రకృతి ఏదీ ఉచితంగా ఇవ్వదు. బలం ఇరవై రెట్లయితే కదలిక ఇరవయ్యో వంతవుతుంది. లీవరు కొస మూడు నాలుగు సెంటీమీటర్లు వెనక్కి వస్తే ప్రెషర్ ప్లేటు లేచేది ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. దాన్ని ఎనిమిది సందులు పంచుకోవాలి. ఒక్కో సందుకి మిల్లీమీటరులో ఐదో వంతు! ఈ 0.2 కూడా గుర్తుపెట్టుకోండి.

క్లచ్‌కి ప్రధానంగా రెండే జబ్బులు. పట్టాల్సినప్పుడు పట్టకపోవడం ఒకటి, వదలాల్సినప్పుడు వదలకపోవడం రెండోది.

మొదటిదాన్ని "స్లిప్ అవుతోంది" అంటారు. అరకు ఘాటు ఎక్కుతున్నప్పుడో, వెనక బస్తా వేసుకున్నప్పుడో తెలుస్తుంది. యాక్సిలరేటరు తిప్పితే ఇంజను అరుపు పెరుగుతుంది, బండి వేగం పెరగదు. మైలేజి పడిపోతుంది. ముదిరితే కాలిన వాసన. రెండోది: లీవరు పూర్తిగా నొక్కినా బండి ముందుకి పాకుతుంది, గేరు వేస్తే ఖంగుమంటుంది, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరకదు. పొద్దున్నే చల్లటి ఇంజనుతో మొదటి గేరు వేసినప్పుడు కాస్త టక్కుమనడం జబ్బు కాదు. చల్లటి ఆయిలు చిక్కగా ఉండి ప్లేట్లని అంటిపెట్టుకుంటుంది, వేడెక్కితే పోతుంది.

విప్పేముందు కేబులు చూడాలి. లీవరు కొస దగ్గర కొంత ఖాళీ ఆట ఉండాలి, దాన్ని ఫ్రీ ప్లే అంటారు. చాలా చిన్న బళ్లకి 10 నుంచి 20 మిల్లీమీటర్లు. మీ బండికెంతో దాని పుస్తకంలో ఉంటుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. కేబులు సాగితే ఆట పెరుగుతుంది. కానీ ప్లేట్లు అరిగితే ఆట తగ్గుతుంది! ప్లేట్లు పలచబడ్డ కొద్దీ దొంతర కుదించుకుపోతుంది, ప్రెషర్ ప్లేటు జరిగి, దాన్ని నెట్టే కడ్డీ సందు లేకుండా ఆనుకుంటుంది. ఇక మనం లీవరు ముట్టుకోకపోయినా ఎవరో కొంచెం నొక్కి పట్టుకున్నట్టే. స్ప్రింగుల బలంలో కొంత అక్కడే పోతుంది. అలాంటప్పుడు కేబులు టైటు చేస్తే స్లిప్ ఇంకా పెరుగుతుంది. ముందు వదులు చేసి, సరైన ఆట ఇచ్చి నడిపి చూడండి. కొన్నిసార్లు వైద్యం అక్కడితోనే పూర్తవుతుంది.

అయినా తగ్గకపోతే విప్పుదాం. కావలసినవి: టీ స్పానర్లు, బాక్సు స్పానర్లు, రబ్బరు సుత్తి, వెర్నియర్ కాలిపర్, ఫీలర్ గేజి, గాజు పలక ఒకటి, వెడల్పాటి పాత గిన్నె, కొత్త ప్యాకింగు, ఆయిలు. బండి చల్లారి ఉండాలి. కింద బోల్టు విప్పి ఇంజనాయిలు గిన్నెలోకి దించండి. పారబోయకండి, దాని సంగతి తర్వాత చెబుతాను. ఆ ఆయిల్లో వేళ్లు పెట్టి చూడండి. చెక్కపొట్టులాంటి నల్లటి నలుసులుంటే ప్లేట్ల ముఖాలు రాలుతున్నట్టు.

కేబులు ఊడదీసి, అడ్డొచ్చే కిక్ రాడ్డు, ఫుట్‌రెస్టు తీసి, చాలా చిన్న బళ్లలో కుడివైపునే ఉండే ఇంజను కవరు బోల్టులు విప్పాలి. ఆ బోల్టులన్నీ ఒకే పొడవు కావు. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే అల్యూమినియం పగులుతుంది. అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టండి. కవరు రాకపోతే రబ్బరు సుత్తితో చుట్టూ తట్టండి. సందులో స్క్రూడ్రైవరు దూర్చి ఎత్తారంటే గీత పడుతుంది, ఆపైన ఎన్ని ప్యాకింగులు మార్చినా ఆయిలు కారుతుంది.

లోపల క్లచ్ కనిపిస్తుంది. స్ప్రింగుల బోల్టుల్ని ఒక్కోటి పూర్తిగా విప్పెయ్యకూడదు. ఎదురెదురుగా ఉన్నవాటిని కాస్త కాస్త వదులు చేస్తూ రావాలి. లేకపోతే ఒత్తిడంతా ఒక పక్కకే పడి, బోల్టు దిగిన స్తంభం విరుగుతుంది. కొన్ని బళ్లలో ప్రెషర్ ప్లేటు బయటివైపు ఉంటుంది. స్ప్రింగులు తీయగానే అది వచ్చేస్తుంది, వెంటనే ప్లేట్లూ వస్తాయి. కొన్నిట్లో అది లోపలివైపు ఉంటుంది, మధ్య నట్టు కూడా విప్పితేగానీ ప్లేట్లు రావు. దానికి ప్రత్యేకమైన స్పానరు, హబ్బు తిరగకుండా పట్టే సాధనం కావాలి. ఉలి పెట్టి సుత్తితో కొట్టి ఆ నట్టు విప్పడం చూస్తుంటాం. నట్టు చెడుతుంది, ఇనప రజను ఆయిల్లో కలుస్తుంది, ఆ దెబ్బ గేరుబాక్సు బేరింగుల మీద పడుతుంది. సాధనం లేకపోతే ఆ ఒక్క పనికి మెకానిక్కుని పిలవండి. అందులో తక్కువతనమేమీ లేదు.

ప్లేట్లు ఏ వరుసలో, ఏ ముఖం ఎటు ఉండగా వచ్చాయో అదే వరుసలో కాగితం మీద పేర్చండి. ఫోను ఉందిగా, ఫోటో కూడా తీసుకోండి.

ఇప్పుడు అసలు పని, కొలవడం. ఫ్రిక్షన్ ప్లేటు మందం కొత్తలో చాలా బళ్లకి 3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. మిల్లీమీటరులో మూడు నాలుగు పదో వంతులు అరిగితే మార్చాలి. కచ్చితమైన హద్దు బండి మాన్యువల్లో ఉంటుంది. 0.3 అంటే గోటి మందం కూడా లేదు, దానికే మార్చాలా అంటారా? లెక్క చూడండి. నాలుగు ప్లేట్లు, ఒక్కోటి 0.3 అరిగితే దొంతర 1.2 మిల్లీమీటర్లు కుదించుకుంది. స్ప్రింగులు అంత మేర సాగాయి. 1678లో రాబర్ట్ హుక్ ప్రకటించిన సూత్రం ఉంది కదా, స్ప్రింగు బలం దాన్ని ఎంత నొక్కితే అంత. 10 మిల్లీమీటర్లు నొక్కినప్పుడు 25 కిలోలు ఇచ్చే స్ప్రింగు 8.8 మిల్లీమీటర్లే నొక్కితే 22 ఇస్తుంది. నాలుగూ కలిపి 100 కాదు, 88. మన 42 న్యూటన్ మీటర్లు 37కి దిగాయి. పది మిగులులో సగం ఎగిరిపోయింది.

దీనికి తోడు తప్పుడు ఆయిలు పోశారనుకోండి. కారు ఆయిళ్లలో కొన్నిటికి రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, పెట్రోలు ఆదా కోసం. కారు క్లచ్ పొడిది కనక దానికి నష్టం లేదు. మన క్లచ్ ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది. గుణకం 0.12 నుంచి 0.10కి పడితే చాలు, 37 కాస్తా 31 అవుతుంది. మోయాల్సింది 32. ఇక స్లిప్ మొదలు! చూశారా, ప్లేట్ల అరుగుదల ఒక్కటే కాదు, ఆయిలు ఒక్కటే కాదు, రెండూ చేయి కలిపాయి. అందుకే డబ్బా మీద "జాసో ఎంఏ" లేదా "ఎంఏ2" అని ఉన్న ఆయిలే కొనండి. జపాను వాళ్లు 1998లో తెచ్చిన ప్రమాణం అది, తడి క్లచ్‌కి పట్టు తగ్గదని దానర్థం. "ఎంబీ" అన్నది తడి క్లచ్ లేని స్కూటర్లకి.

స్ప్రింగుల పొడవు కొలవండి. ఏళ్ల తరబడి నొక్కుడుకీ వేడికీ అవి కాస్త పొట్టివవుతాయి. మాన్యువల్లో చెప్పిన హద్దు కంటే ఒక్కటి పొట్టిగా ఉన్నా అన్నీ మార్చాలి. అన్నిటి ఒత్తిడీ సమంగా లేకపోతే ప్రెషర్ ప్లేటు వంకరగా లేస్తుంది.

స్టీలు ప్లేటుని గాజు పలక మీద పెట్టి, చుట్టూ అంచు కింద 0.2 మిల్లీమీటర్ల ఫీలర్ గేజి దూర్చి చూడండి. దూరితే ప్లేటు వంగినట్టు, చాలా బళ్లకి హద్దు అదే. లీవరు నొక్కితే ఒక్కో సందుకి దక్కేది 0.2 అన్నాను కదా? ప్లేటే అంత వంగి ఉంటే ఆ సందు తెరుచుకోదు, క్లచ్ వదలదు. న్యూట్రల్ దొరక్కపోవడానికి మూలం చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

స్టీలు ప్లేటు రంగు కూడా చూడండి. ఎండుగడ్డి రంగు మరకలుంటే అక్కడ వేడి 220, 230 డిగ్రీలకి చేరినట్టు. నీలి మరకలుంటే 300 దాకా. ఇనుము వేడెక్కినప్పుడు పైన ఆక్సైడు పొర కడుతుంది. వేడి ఎక్కువైన కొద్దీ పొర మందమవుతుంది. పొర పై ముఖం నుంచీ కింది ముఖం నుంచీ తిరిగొచ్చిన వెలుగు కలిసి ఈ రంగులు పుడతాయి, వాన పడ్డ రోడ్డు మీద ఆయిలు చుక్క రంగులు పరచుకున్నట్టు. కొలిమి దగ్గర కమ్మరివాళ్లు కత్తికి పదును పెట్టేటప్పుడు ఈ రంగులు చూసే వేడిని అంచనా కడతారు. నీలిమరకల ప్లేటు వంగకపోయినా నమ్మదగింది కాదు, మార్చేయండి.

హౌసింగ్ గాడుల్ని వేలితో తడమండి. ఫ్రిక్షన్ ప్లేట్ల చెవులు కొట్టుకుని కొట్టుకుని అల్యూమినియంలో నొక్కులు పడతాయి. చెవి ఆ నొక్కులో చిక్కుకుంటే ప్లేటు జరగదు, బండి కదిలేటప్పుడు వణుకుతుంది. నొక్కులు పైపైన ఉంటే సన్నటి ఆకురాయితో నున్నగా చేయొచ్చు. లోతుగా ఉంటే హౌసింగ్ మార్చాలి. లోతైన నొక్కుల హౌసింగ్‌లో కొత్త ప్లేట్లు వేసినా సుఖం లేదు. కడ్డీ ఆనే చోట ఉన్న చిన్న బేరింగుని వేలితో తిప్పండి, గరగరమంటే అదీ మార్చండి.

ఇక కొత్త ప్లేట్లు. వాటి ముఖం ఒకప్పుడు కార్కు. జావా, యెజ్డీ బళ్ల క్లచ్‌లో కార్కే ఉండేది. ఇప్పుడు చాలావరకు కాగితంలాంటి పదార్థం, నార పోగుల్ని రెసిన్‌తో కలిపి ఒత్తి చేస్తారు. అందులో కంటికి కనపడని రంధ్రాలు బోలెడు. వాటి నిండా ఆయిలు ఉండాలి. అందుకే బిగించే ముందు కొత్త ప్లేట్లని కొత్త ఇంజనాయిల్లో కొన్ని గంటలు నానబెట్టాలి. రాత్రి వేసి పొద్దున్న తీస్తే మరీ మంచిది. పొడి ప్లేటు వేసి బండి తీస్తే మొదటి కదలికలోనే ముఖం మాడి గాజులా నున్నబడుతుంది. పాత కాలపు ముఖాల్లో, బ్రేకు షూల్లో ఆస్‌బెస్టాస్ వాడేవారు. దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకం. పాత బండి విప్పితే దుమ్ము నోటితో ఊదకండి, తడి గుడ్డతో తుడవండి.

తిరిగి బిగించేటప్పుడు వచ్చిన వరుసలోనే, ఒకటి ఫ్రిక్షను, ఒకటి స్టీలు. హబ్బు మీదా ప్రెషర్ ప్లేటు మీదా గుర్తులుంటే ఎదురెదురుగా కలపాలి. స్ప్రింగుల బోల్టులు మళ్లీ ఎదురెదురుగా, కాస్త కాస్త. ఆరు మిల్లీమీటర్ల బోల్టుకి 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల చాలు, అంటే పది సెంటీమీటర్ల పిడి మీద పది కిలోల బలం. అల్యూమినియం మరలు మెత్తన, భుజబలం చూపిస్తే మర ఊడొస్తుంది. పాత ప్యాకింగు ముక్కలు గీత పడకుండా గీకి, కొత్తది వేసి, కవరుని సరిగ్గా కూర్చోబెట్టే పిన్నులు స్థానంలో ఉన్నాయో లేదో చూసి, కవరు బిగించండి. మాన్యువల్లో చెప్పినంత ఆయిలు పొయ్యండి. కేబులు తగిలించి, ఫ్రీ ప్లే కొత్తగా సరిచేయండి. ప్లేట్లు మందమయ్యాయి కనక పాత లెక్క పనికిరాదు.

పరీక్ష ఇలా. సెంటర్ స్టాండు మీద, ఇంజను ఆపి ఉండగా, గేరులో వేసి లీవరు నొక్కి వెనక చక్రం చేత్తో తిప్పండి. కొద్దిపాటి బరువుతో తిరగాలి. ఆ తర్వాత ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో మధ్యస్థంగా పోతూ యాక్సిలరేటరు గట్టిగా తిప్పండి. ఇంజను చప్పుడూ బండి వేగమూ కలిసి పెరిగితే మీ పని పండినట్టే. మొదటి కొన్ని రోజులు బండిని నిదానంగా నడపండి, కొత్త ముఖాలు స్టీలు ప్లేట్లతో సర్దుకోవాలి.

ఇంతా చేసి చెప్పేదేమిటంటే, కొలవకుండా ఏదీ పారెయ్యకండి, కొలవకుండా ఏదీ కొనకండి. "మొత్తం అసెంబ్లీ మార్చేద్దాం" అని ఎవరైనా అంటే, ఏది ఎంత అరిగిందో చూపించమని మర్యాదగా అడగండి. కొలత తెలిసినవాళ్లు సంతోషంగా చూపిస్తారు. బండి నడిచేటప్పుడు క్లచ్ లీవరు మీద వేళ్లు ఆనించి ఉంచకండి, ఎత్తు మీద బండిని బ్రేకుతోనే ఆపండి. గిన్నెలోకి దించిన పాత ఆయిలు ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తుంది. కాలువలోనో చెట్టు మొదట్లోనో పొయ్యకుండా, సీసాలో పోసి మూత బిగించి, పాత ఆయిలు తీసుకునే సర్వీసు సెంటరుకి ఇచ్చి రండి.